అర సెంటీమీటరు

ముక్తేశ్వరం,
ఫిబ్రవరి 9, 1997

బావగారి పాదపద్మాలకు (కడుక్కునే ఉంటారని నమ్మి) తులసి నమస్కారాలు.

మా అక్క పోయాక మీరు నాకు రాసిన ఉత్తరాలన్నీ కలిపితే ఒక సినిమా టిక్కెట్టు వెనకాల పడతాయి. అందుకని ఈసారి పెద్దది నేనే రాస్తున్నాను.

విషయం ఏంటంటే, అక్కకి వచ్చిందే నాకూ వచ్చింది. ఎడమ రొమ్ములో క్యాన్సర్ గడ్డ. కిందటి నెల కాకినాడలో ఆపరేషన్ చేసి మొత్తం తీసేశారు. మీకు ముందుగా చెప్పలేదు. మా మామగారు మంచాన పడ్డప్పుడు మీరు చూడ్డానికొచ్చి, మాట్లాడకుండా కూర్చుని, తెచ్చిన అరటిపళ్ళు మీరే తినేసి వెళ్ళారు. ఆపరేషన్ అయిన మనిషికి ఆ దృశ్యం మంచిది కాదనిపించింది.

డాక్టరు కుర్రాడు ఆరు విడతలు మందు ఎక్కించాలన్నాడు. జుట్టు రాలుతుందట, వాంతులట, నోరంతా పూతట. ‘ఎక్కించుకుంటే ఎన్నాళ్ళుంటాను, మానేస్తే ఎన్నాళ్ళుంటాను?’ అని అడిగాను. ‘అలా చెప్పకూడదమ్మా, అంతా పైవాడి చేతిలో ఉంది’ అన్నాడు. ‘మరి ఫీజు నువ్వెందుకు పుచ్చుకున్నావు నాయనా?’ అన్నాను. మీ తోడల్లుడు నా మోచెయ్యి గిల్లారు.

మీరు ముప్పై ఏళ్ళు కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పారు. గడ్డ ఎంతుంది, చంకలో బిళ్ళలు ఎన్నిటికి పాకింది అని చూసి మనిషి ఆయుర్దాయం అంచనా వేసే లెక్క ఒకటుందనీ, అక్కకి మీరది వేశారనీ నాకు తెలుసు. అక్కే చెప్పింది. ‘ఇన్నాళ్ళకి మీ బావగారు నన్ను లెక్కలోకి తీసుకున్నారే’ అని నవ్వింది.

నాకూ వేసి పెట్టండి. ఊరికే కాదు, నాకు రెండు పనులున్నాయి. మొన్న నవంబరు తుఫానుకి మా తోటలో కొబ్బరిచెట్లన్నీ పడుకున్నాయి. వానలు పడగానే మొక్కలు వెయ్యాలి. నాటు మొక్క కాపుకి రావడానికి ఏడెనిమిదేళ్ళు. హైబ్రిడ్ అయితే నాలుగేళ్ళు. నేను వేసిన చెట్టు కాయ దింపించుకుని నీళ్ళు తాగి మరీ పోవాలని నా కోరిక. ఏది వెయ్యను?

రెండోది మందు. లెక్క బాగుంటే ఎక్కించుకుంటాను. బాగోకపోతే ఎక్కించుకోను. మునిగే పడవకి తారు పూయించే రకం కాదు నేను. ఇది మీకూ నాకూ మధ్యే ఉండాలి.

కార్డు మీద రాయకండి. మీ తోడల్లుడు ఈ ఊరి పోస్టుమాస్టరు. కవరు చచ్చినా చించరు, అది ఆయన ధర్మం. కార్డు మాత్రం తలుపు తీసి ఉన్న ఇల్లని ఆయన వాదన. పోస్టాఫీసు మా వీధిగదిలోనేగా, అరుగు మీద కూర్చున్నవాళ్ళకి చదివి వినిపించాకే బట్వాడా. ఫోనంటారా, తుఫాను నాడు పడ్డ స్తంభాలు ఇంకా లేవలేదు.

మీ మరదలు (ఇప్పటికి ఉన్న)
రామతులసి


రాజమండ్రి,
ఫిబ్రవరి 14
(కార్డు)

చి. తులసికి,

ఉత్తరం అందింది. నువ్వడిగిన వంటకానికి మూడు కొలతలు కావాలి. సైజు. ఎన్నిట్లో ఎన్ని. గ్రేడు. కాగితంలో ఉన్నది ఉన్నట్టు రాయి. వాళ్ళూ వీళ్ళూ చెప్పింది వద్దు.

ఆ రోజు ఆరు పళ్ళు తెచ్చాను. రెండే తిన్నాను.

లక్ష్మీనరసింహం


ముక్తేశ్వరం,
ఫిబ్రవరి 20

బావగారికి,

కార్డు వద్దంటే కార్డే రాశారు. అరుగు మీద చదివేశారు. వంటకం ఏంటని మీ తోడల్లుడు ఆరా తీస్తే పనసపొట్టు కూరన్నాను. ఇప్పుడు అది చేసిపెట్టమని కూర్చున్నారు. నా కుడిచెయ్యి తప్ప రెండోది లేవదు, పనసకాయ మీరొచ్చి కొట్టండి.

ఇక కొలతలు. సైజు సంగతి చెప్తే మీరు నవ్వుతారు, ఒకవేళ ఆ అలవాటు ఇంకా ఉంటే. డాక్టరు ‘ఉసిరికాయంత’ అన్నాడు. ఊళ్ళోకొచ్చేసరికి నిమ్మకాయయింది. మా ఆడపడుచు అమలాపురంలో బత్తాయని చెప్పింది. మొన్న రాజోలు నుంచి ఒకావిడ పరామర్శకొచ్చి, ‘కొబ్బరిబొండమంత గడ్డని ఎలా మోశావమ్మా ఇన్నాళ్ళూ?’ అని కళ్ళు తుడుచుకుంది. ‘పీచు తీసే మోశానండి’ అన్నాను.

రిపోర్టు వచ్చిన రోజు మీ తోడల్లుడు మొదటి వరస చదివి కూలబడ్డారు. పద్నాలుగు, పదకొండు, అయిదు సెంటీమీటర్లని ఉంది. ‘ఇంత గడ్డా తులసీ!’ అని ఒకటే ఏడుపు. తీసుకుని చూశాను. ‘అది గడ్డ కాదండీ, అది నేను. కోసిన మొత్తం ముక్క కొలత. గడ్డ కింది వరసలో ఉంది’ అన్నాను. కళ్ళు తుడుచుకుని కింది వరస చదివి మళ్ళీ ఏడ్చారు.

కింది వరసలో రెండున్నర సెంటీమీటర్లు. బిళ్ళలు పద్దెనిమిది తీస్తే రెండిట్లో ఉంది. గ్రేడు మూడు.

గ్రేడు గురించి ఒక మాట. కొబ్బరి వర్తకుడు గంగరాజు గారు తెలుసుగా, మా పక్కిల్లు. ‘మూడో గ్రేడంటే నాసిరకం చెల్లెమ్మా, ఎండుకొబ్బరిలో మూడో గ్రేడు సబ్బులక్కూడా పనికిరాదు. ఆ క్యాన్సర్‌కి దమ్ముండదు’ అన్నారు. మీ తోడల్లుడు ఆ సంతోషంలో వీధి వీధంతా బెల్లం పంచారు. నిజమేనా?

తులసి


రాజమండ్రి,
ఫిబ్రవరి 26
(ఇన్లాండు)

చి. తులసికి,

గంగరాజు గారికి నమస్కారాలు చెప్పు. ఇక్కడ వరస తిరగేసి ఉంటుంది. కణాలు ఎంత వికారంగా, ఎంత తొందరగా పెరుగుతుంటే గ్రేడు అంత ఎక్కువ. మూడంటే మేలురకం. బెల్లం వెనక్కి అడగనక్కర్లేదు.

పద్ధతి ఇది. ఇంగ్లండులో ఒక ఊరి డాక్టర్లు కట్టారు. గడ్డ సెంటీమీటర్లలో అయిదో వంతు వేసుకో. బిళ్ళల్లో ఏమీ లేకపోతే ఒకటి, మూడింటి దాకా ఉంటే రెండు, నాలుగూ ఆ పైన అయితే మూడు వేసుకో. గ్రేడు ఎంతైతే అంత వేసుకో. మూడూ కలుపు. ఎంత తక్కువైతే అంత మంచిది.

కలపడం నీ పని. దాని అర్థం చెప్పడానికి నాకు కొంత వ్యవధి కావాలి.

నాటా, హైబ్రిడ్డా అన్నది నా సబ్జెక్టు కాదు. కొబ్బరిచెట్ల మరణాల లెక్క వేరే డిపార్టుమెంటు.

కాఫీ నేనే పెట్టుకుంటున్నాను. బాగుండదు. తాగుతున్నాను.

లక్ష్మీనరసింహం


ముక్తేశ్వరం,
మార్చి 4

బావగారికి,

అయిదున్నర. పాసా, ఫెయిలా?

వ్యవధి ఎందుకండీ మీకు? పంచాంగం చూడాలా? మీరు ఊరుకున్నారంటేనే సగం తెలిసిపోయింది. మంచి మార్కులొస్తే మాస్టర్లు దాచరు.

ఒక చిన్న బేరం. కొబ్బరికాయని పీచుతో కొలిస్తే ఒక సైజు, వలిచి కొలిస్తే ఒక సైజు. ఆ రెండున్నర ఎలా కొలిచారో ఎవడికి తెలుసు? ఆ కుర్రాడు స్కేలు పట్టుకున్నప్పుడు టీ వచ్చిందేమో. రెండని వేసి చూడండి. అర సెంటీమీటరు నాకోసం మింగలేరా? అక్క పెళ్ళిలో మీ చెప్పులు దాచిన దానిని, ఆ మాత్రం చనువు లేదా?

చివరికి బాగోలేదనే తేలితే ఎలా నడపాలో ఆలోచించి పెట్టుకున్నాను. ‘డాక్టరు గారు మందు అక్కర్లేదన్నారండీ’ అని మీ తోడల్లుడికి చెప్తాను. నమ్ముతారు. ఆయనకి నేను కవరు లాంటిదాన్ని. చించి చూడరు.

ఇంకొకటి. అక్కకి ఎంత వచ్చింది?

తులసి


రాజమండ్రి,
మార్చి 9
(ఇన్లాండు)

చి. తులసికి,

ముందు చివరి ప్రశ్న.

సుందరిది మూడు పాయింటు మూడు. గడ్డ ఒకటిన్నర సెంటీమీటర్లు. బిళ్ళల్లో ఏమీ లేదు. గ్రేడు రెండు. మంచి గుంపు. ఆ గుంపులో వందమందిలో ఎనభైమంది పదిహేనేళ్ళు దాటారు. సుందరికి రెండేళ్ళకి తిరగబెట్టింది. పదిహేను కాదు, మూడేళ్ళే దాటింది.

లెక్క తప్పు కాదు. మళ్ళీ మళ్ళీ వేసి చూశాను. ఎనభై అన్నామంటే ఇరవై కూడా అన్నట్టే. ఇది నేను ఏటా బీఎస్సీ మొదటి సంవత్సరం వాళ్ళకి చెప్పిన పాఠం. ఇరవైకి పేర్లుంటాయని చెప్పలేదు. సిలబస్‌లో లేదు.

నేను లెక్క వేశానని ఆవిడకి తెలుసు. జవాబు అడగలేదు. ఆఖరి వేసవిలో ఒక్కటే అడిగింది. ‘ఈ ఏడు ఆవకాయ ఎన్ని కాయలు పెట్టమంటారు?’ ఎప్పటిలాగే పెట్టమన్నాను. జాడీలో ఇంకా సగం ఉంది.

నీ లెక్క అర్థం విడిగా రాస్తాను.

లక్ష్మీనరసింహం


రాజమండ్రి,
మార్చి 10
(కార్డు)

చి. తులసికి, తోడల్లుడు విశ్వపతికి, అరుగు మీదున్న పెద్దలందరికీ,

ఇంగ్లండు డాక్టర్ల పద్ధతిలో తులసి లెక్క అయిదున్నర. అయిదు పాయింటు నాలుగు దాటితే చెడ్డ గుంపు. ఆ గుంపులో వందమందిలో పదిహేనేళ్ళకి మిగిలింది పదమూడుమంది. రెండు సెంటీమీటర్లని వేస్తే మధ్య గుంపులో పడుతుంది, అక్కడ నలభై రెండుమంది. అర సెంటీమీటరుకి ఇరవై తొమ్మిదిమంది చావరు. గీత గీసింది మనుషులు. అందుకని కొలత మార్చలేదు.

అసలు సంగతి. ఆ వందమందికీ ఆపరేషన్ తర్వాత మందు ఎక్కించలేదు. అప్పట్లో వాళ్ళకది అలవాటు లేదు. మందు ఎక్కించుకోనివాళ్ళ లెక్క చూసి మందు మానేస్తానంటోంది తులసి. యాభై లోపు వాళ్ళలో ఆ మందు చావుల్ని నాలుగో వంతు దాకా తగ్గించిందని వేరే లెక్క ఉంది. తులసికి నలభై ఆరు.

డాక్టరు మందు అక్కర్లేదన్నాడని ఆమె చెప్తే అది అబద్ధం.

గట్టిగా చదవగలరు.

లక్ష్మీనరసింహం


ముక్తేశ్వరం,
మార్చి 17

నమ్మకద్రోహి బావగారికి,

నమస్కారాలు లేవు.

మీ కార్డు వచ్చినప్పుడు నేను వంటింట్లో ఒంటిచేత్తో చింతపండు పిసుకుతున్నాను. అరుగు మీంచి మీ తోడల్లుడి గొంతు హరికథలా వినిపిస్తోంది. పదమూడు దగ్గర ఆగిపోయింది. ఇన్నేళ్ళలో ఆయన కార్డు మధ్యలో ఆగడం నేను వినలేదు.

‘ఆపేశారేంటండీ, తర్వాత?’ అంది అచ్చాయమ్మ. ఆవిడకి ఏ కార్డయినా సీరియలే. గంగరాజు గారు కార్డు అందుకుని మిగతాది చదివారు. అబద్ధం అన్న మాట దగ్గర గొంతు ఇంకాస్త పెంచారు కూడా.

తర్వాత అందరూ ఒక్కసారే మాట్లాడారు.

‘పదమూడేనా? మా కోడలికి లెక్కల్లో అన్నే వచ్చాయి. నలుగుర్ని కని పెంచింది’ అంది అచ్చాయమ్మ.

‘ఈవిడేమన్నా ఇంగ్లండావిడేంటండీ, ఇంగ్లండు లెక్క ఈవిడకెందుకు? వాళ్ళు గోంగూర తిన్నారా?’ అన్నాడు రేవులో గోదావరి దాటించే పంటు నడిపే బుల్లబ్బాయి.

‘నాలుగో వంతు తగ్గితే ఎంతమంది అదనంగా బతుకుతారో వెయ్యండి’ అని గంగరాజు గారు బొగ్గుముక్కతో అరుగు మీద లెక్క మొదలెట్టారు. ఆయనకి ఇరవై వచ్చింది, పక్కన కూర్చున్నాయనకి ముప్పై అయిదు. ఇద్దరూ కొట్టుకునేదాకా వచ్చారు. నా చావు మీద నాకు తప్ప అందరికీ అభిప్రాయం ఉంది.

నేను బయటికి వచ్చాను. నిజం చెప్తున్నాను బావగారూ, మీరక్కడ ఉంటే ఆ చింతపండు చెయ్యి మీ కళ్ళల్లో పెట్టేదాన్ని.

మీ తోడల్లుడు లేచి, పోస్టాఫీసు తలుపు మూసి, తాళం వేశారు. పట్టపగలు. తుఫాను నాడు కూడా వెయ్యని తాళం. నా దగ్గరికొచ్చి చాలా నెమ్మదిగా అన్నారు. ‘తులసీ, ఆ పదమూడుమందిలో నువ్వుంటావో ఉండవో నాకు తెలీదు. ఆ మందు పుచ్చుకోని వందమందిలో మాత్రం నిన్ను ఉండనివ్వను. చీర మార్చుకో.’

‘నాకిష్టం లేదు’ అన్నాను. ‘నాకూ చాలా ఇష్టం లేదు. పద’ అన్నారు.

దారిలో వెనకాల సగం అరుగు వచ్చింది. కోటిపల్లి వైపు పంటు ఎక్కేసరికి బుల్లబ్బాయి జనాన్ని లెక్కపెట్టి, ‘పదమూడుమందే ఉన్నారమ్మా, ఈ లెక్కకి పంటు కదపను, గిట్టదు’ అన్నాడు. అందరూ నా మొహం చూశారు. నాకు నవ్వొచ్చింది. ఏం చెయ్యను, వచ్చింది. ఆ తర్వాత ఏడుపూ వచ్చింది. ఆపరేషన్ అయ్యాక అదే మొదటిసారి. మీ తోడల్లుడు కండువా ఇచ్చారు. దానికి పోస్టాఫీసు జిగురు వాసన.

కాకినాడలో డాక్టరు వచ్చే మంగళవారం మందు మొదలెడతానన్నాడు. నేను ఊ అన్నాను.

మొక్కలు నాటువే చెప్పాను. కోపంలో చెప్పాను. మీరు జవాబు రాయకండి.

తులసి


రాజమండ్రి,
మార్చి 22
(కార్డు)

చి. తులసికి,

రాయడం లేదు.

గంగరాజు గారి లెక్కే సరైనదానికి దగ్గర. మరీ ముప్పై అయిదు కాదు. దయచేసి కొట్టుకోవద్దు.

లక్ష్మీనరసింహం


ముక్తేశ్వరం,
జూన్ 29

బావగారికి,

నమస్కారాలు మళ్ళీ మొదలుపెడుతున్నాను. తలొంచితే చీర కొంగు జారి బోడిగుండు బయటపడుతోంది కాబట్టి నిలబడే పెడుతున్నాను.

అయిదు విడతలు అయ్యాయి. రెండోదానికే జుట్టు మొత్తం దిగిపోయింది. పరామర్శకొచ్చినవాళ్ళకి వాడపల్లి వెంకన్నకి మొక్కుకున్నానని చెప్తున్నాను, దక్షిణ కూడా ఇస్తున్నారు. మీ తోడల్లుడు తోడుగా తనూ గుండు చేయించుకుంటానన్నారు. ఉన్నవి నాలుగు వెంట్రుకలు, వాటినెందుకు ఇబ్బంది పెట్టడం అన్నాను. మూడోదానికి నోరంతా పుండై పెరుగన్నం కూడా మండింది. నాలుగోదప్పుడు ఇంక చాలు, రానన్నాను. ఆయన మీ కార్డు జేబులోంచి తీశారు. చదవలేదు, తీసి చూపించారంతే. అది నలిగి నలిగి మీ చేతిరాత తప్ప అన్నీ పోయాయి.

ఇప్పుడు ఒక ప్రశ్న. మందు పుచ్చుకున్నాను కదా, నా కొత్త లెక్క ఎంత? దాచకుండా చెప్పండి. ఈసారి కార్డైనా పర్లేదు.

ఇంకొకటి అడగాలో వద్దో తెలీడం లేదు. ఆరోది జులై ఎనిమిదో తారీఖు, మంగళవారం. ఆ రోజే పోస్టల్ ఇన్స్పెక్టరు తనిఖీకి వస్తున్నాడు. మార్చిలో పట్టపగలు తాళం వేసిన సంగతి ఎవరో పైకి రాశారట. మీ తోడల్లుడు కదలడానికి లేదు. గంగరాజు గారు తోడొస్తానంటున్నారు, కానీ ఆయన సెలైను చూస్తే పడిపోతారు.

నాకు ఎక్కిస్తున్నది అక్కకి తిరగబెట్టాక మందు ఎక్కించిన ఆసుపత్రిలోనే. మూడో అంతస్తు. మీరు ఆ వీధిలోంచి కూడా వెళ్ళరని నాకు తెలుసు. రాలేనంటే నాకేమీ అనిపించదు, నేనొక్కదాన్నే వెళ్ళొస్తాను. హాల్లో ఎనిమిది మంచాలకి ఒకటే ఫాను పనిచేస్తోంది, కిటికీ పక్కదాని మీద. నేను వెళ్ళేసరికి అందులో ఎప్పుడూ ఎవరో ఉంటున్నారు. అదొక్కటే కష్టం, మిగతాదంతా అలవాటైపోయింది.

తులసి


రాజమండ్రి,
జులై 3
(ఇన్లాండు)

చి. తులసికి,

నీ కొత్త లెక్క నా దగ్గర లేదు. అయిదున్నర వచ్చి, మందు పుచ్చుకున్నవాళ్ళ పదిహేనేళ్ళ లెక్క నాకెక్కడా దొరకలేదు. కాకినాడ మెడికల్ కాలేజీ లైబ్రరీలో కూడా వెతికాను. వాళ్ళని ఇంకా లెక్కపెడుతున్నారనుకుంటాను. నువ్వూ అందులో ఉన్నావు. పదమూడుకి పైనని మాత్రం చెప్పగలను. ఎంత పైనో చెప్తే అది లెక్క కాదు, నా ఆశ.

2012లో అడుగు. అప్పటికి నాకు డెబ్బై ఆరు. చక్కెర ఉంది, బీపీ ఉంది, ఆ కాఫీ ఉంది. నేను లేకపోతే నువ్వే వేసుకో. పద్ధతి వచ్చు కదా.

విశ్వపతిని తనిఖీ చూసుకోమను. ఆ ఫిర్యాదుకి కారణం నా కార్డే. ఇన్స్పెక్టరు అడిగితే నా పేరు చెప్పమను.

మంగళవారం నువ్వు తాపీగా రా. ఎనిమిదింటికి వస్తే మంచం దొరకదు. తెల్లవారకముందు, రాత్రి ఆయా దిగిపోయేలోపు మూడో అంతస్తుకెళ్ళి కిటికీ పక్క మంచం మీద తువ్వాలు వేసెయ్యాలి. బస్సులో సీటుకి వేసినట్టే. అడిగితే, పేషెంటు కాఫీకి వెళ్ళిందని చెప్పాలి. సుందరికి ప్రతిసారీ అలాగే పట్టాను.

సోమవారం సాయంత్రం బయల్దేరుతున్నాను.

బావ